ఒక రోజు దీవి, ఒక రోజు చిత్తడి: వసంతంలో పిట్టల కోసం రెండు రోజులు

వసంతంలో ఒక శనివారం, ఒక ఆదివారం ఖాళీగా దొరికి, పడవలో వెళ్ళి రాగలిగే దీవి ఒకటి, నగరం అంచున చెరువో చిత్తడి నేలో ఒకటి అందుబాటులో ఉంటే, పిట్టల్ని చూడటానికి ఏడాది మొత్తంలో అంతకంటే మంచి రెండు రోజులు ఉండవని నా నమ్మకం. కానీ చాలామంది ఈ రెండు రోజుల్నీ విహారయాత్ర లెక్కలో ప్లాన్ చేసుకుంటారు. ఎండ బాగుంటుందా, సముద్రం ప్రశాంతంగా ఉంటుందా, ఎన్నింటికి బయల్దేరితే తీరిగ్గా ఉంటుంది, ఇవే ఆలోచనలు. పిట్టల రాకపోకల్ని నడిపేవి వేరు. దీవికి గాలిని చూసి వెళ్ళాలి, చిత్తడికి నీటిని చూసి వెళ్ళాలి. ఈ రెండూ పట్టించుకుంటే మిగతాదంతా నెమ్మదిగా అలవాటవుతుంది.

నేను మొదటిసారి దీవికి వెళ్ళిన రోజు ఆకాశం అద్దంలా ఉంది, అల కూడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దీవి అంతా తిరిగితే దొరికినవి నాలుగైదు రకాలు, అవి కూడా అక్కడే ఏడాది పొడవునా ఉండేవే. మరుసటి ఏడాది అదే నెలలో, రాత్రంతా ముసురు పట్టి తెల్లవారుజామున తెరిపిచ్చిన రోజున అదే దీవికి వెళ్ళాను. రేవు పక్కనున్న మొదటి పొదలోనే మూడు రకాల ఫ్లైక్యాచర్లు, దాని కింద నేల మీద గెంతుతూ ఒక థ్రష్, గడ్డిలో నా బూట్ల దగ్గరే పురుగులు ఏరుకుంటున్న వార్బ్లర్. అవే పొదలు, అదే దారి, మారింది రాత్రి వాతావరణం ఒక్కటే.

కారణం తెలుసుకుంటే తర్వాత ప్రతి నిర్ణయం తేలికవుతుంది. వలస వెళ్ళే చిన్న పిట్టల్లో ఎక్కువ భాగం రాత్రిపూటే ఎగురుతాయి. పొద్దుగూకిన కాసేపటికి లేచి, రాత్రంతా ఎగిరి, తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట దిగి పగలంతా మేస్తాయి. దారిలో సముద్రం అడ్డం వస్తే మధ్యలో దిగడానికి చోటుండదు కాబట్టి ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే ఆధారపడతాయి. 3 గ్రాముల బరువుండే రూబీ థ్రోటెడ్ హమ్మింగ్ బర్డ్ వసంతంలో మెక్సికో గల్ఫ్ మీదుగా 800 కిలోమీటర్ల దాకా ఎక్కడా ఆగకుండా దాటుతుందంటే ఆ లెక్క ఎంత సూటిగా ఉంటుందో ఊహించుకోండి. వెనక గాలి ఉండి, ఆకాశం తేటగా ఉంటే పిట్టలు దీవిని పట్టించుకోకుండా పైనుంచే వెళ్ళిపోతాయి. ఎదురుగాలి వీచినా, దారిలో వాన తగిలినా, కంటికి కనిపించిన మొదటి నేల మీద వాలిపోతాయి. ఆ నేల ఒక చిన్న దీవి అయితే, దాని మీద నాలుగే చెట్లుంటే, ఆ రాత్రి అటుగా వచ్చిన పిట్టలన్నీ ఆ నాలుగు చెట్లలోనే సర్దుకోవాలి. ఉత్తర సముద్రంలో హెల్గోలాండ్ అనే జర్మన్ దీవి ఉంది. అసలు దీవి సుమారు ఒక చదరపు కిలోమీటరే, కానీ అక్కడ ఇప్పటిదాకా 400కు పైగా జాతులు నమోదయ్యాయి. 1910లోనే అక్కడ పక్షి పరిశీలన కేంద్రం పెట్టారు.

కాబట్టి వాతావరణ సూచన చూసేటప్పుడు పగటి సంగతి పక్కన పెట్టి, ముందు రోజు రాత్రి ఏం జరగబోతోందో చూడండి. పిట్టలు ఎటు వెళ్తున్నాయో ముందు గుర్తు చేసుకోవాలి: ఉత్తరార్ధ గోళంలో మార్చి నుంచి మే దాకా అవి ఉత్తరానికి పోతుంటాయి, కాబట్టి ఉత్తరం నుంచి వీచేది ఎదురుగాలి. దక్షిణార్ధ గోళంలో వసంతం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, అక్కడ దిక్కు తిరగబడుతుంది. నాకు బాగా పనికొచ్చిన వరుస ఇది: సాయంత్రం పిట్టలు బయల్దేరే చోట వాతావరణం బాగుండి వెనక గాలి ఉండాలి, అర్ధరాత్రి దాటాక దీవి దగ్గర గాలి తిరగాలి లేదా వాన పడాలి. మొదటిది లేకపోతే పిట్టలు అసలు బయల్దేరవు, రెండోది లేకపోతే దిగవు. పక్క నుంచి కొట్టే గాలి కూడా మంచిదే, అది పిట్టల్ని మామూలు దారి నుంచి తప్పించి దీవుల వైపు నెడుతుంది. కొన్ని దేశాల్లో రాత్రి వలసను వాతావరణ రాడార్ మీద చూసే వీలుంది. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ళు మరికొన్ని సంస్థలతో కలిసి నడిపే బర్డ్‌కాస్ట్ అలాంటిదే. మీ దగ్గర అది లేకపోయినా గాలి దిక్కు, వాన వచ్చే గంట చూపించే మామూలు యాప్ చాలు.

ఇక ఏ రోజు ఎక్కడికి? నేనైతే శనివారం దీవికే ఓటేస్తాను. పిట్టల్ని దించే గాలే పడవల్నీ ఆపుతుంది. శనివారం పడవ రద్దయితే చిత్తడికి వెళ్ళి, ఆదివారం మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఆదివారం దీవికి వెళ్ళి తిరుగు పడవ ఆగిపోతే సోమవారం ఉద్యోగం సంగతేంటని ఒకటే టెన్షన్, ఆ మనసుతో పిట్టల్ని చూడలేం. ఒకవేళ వాన శనివారం రాత్రికి వస్తుందని కచ్చితంగా తెలిస్తే మాత్రం సోమవారం సెలవు పెట్టుకుని రోజులు తారుమారు చేయండి. దీవిలో రాత్రి ఉండే వసతి దొరికితే శుక్రవారం సాయంత్రమే వెళ్ళిపోవడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే మొదటి పడవ చేరేసరికి దీవిలో అసలైన రెండు గంటలు అయిపోయి ఉంటాయి.

వారం ఎంచుకోవడం గురించి ఒక్క మాట. వసంతం మూడు నెలలున్నా, ఒక ప్రాంతంలో వలస ఉధృతంగా సాగేది రెండు మూడు వారాలే. పిట్టలు చూసేవాళ్ళు తమ లిస్టులు ఎక్కించే, 2002లో మొదలైన ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాంతానికీ బార్ చార్టులుంటాయి, ఏ పిట్ట ఏ వారంలో ఎక్కువ కనిపిస్తుందో పట్టీల మందం చూస్తే తెలిసిపోతుంది. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని చూడండి, కనిపించే అవకాశమున్న పాతిక ముప్పై పిట్టల పేర్లు రాసుకుని వాటి బొమ్మలు, గొంతులు ముందే పరిచయం చేసుకోండి. పొదలో పిట్ట రెండు సెకన్లు కనబడి మాయమైనప్పుడు పుస్తకం తిరగేసే టైం ఉండదు. అలాగే రెండు చోట్లకీ అనుమతులు అవసరమా అని తప్పకుండా కనుక్కోండి. పిట్టలు గూళ్ళు పెట్టే కాలంలో కొన్ని దీవులు మూసేస్తారు, కొన్ని చిత్తడి నేలల్లోకి ముందుగా రాయించుకున్నవాళ్ళనే పంపిస్తారు.

సంచిలో ఏముండాలి

బైనాక్యులర్స్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు కటకం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. పది రెట్లు చూపించేది ఇంకా మంచిది కదా అనిపిస్తుంది గానీ అది చేతి వణుకుని కూడా పది రెట్లు చేస్తుంది, పడవ మీద అసలు పనికిరాదు, పైగా కనిపించే మేర ఇరుకైపోయి పొదలో కదిలే పిట్ట దొరకదు. కొన్నాక, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నాక, ఇంట్లోనే సరిచేసుకోండి. కుడి కటకం చేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న ఒక బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పి అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే రింగు తిప్పి అదే బోర్డు స్పష్టంగా చేసుకోండి. ఈ పని చేయకుండా ఏళ్ళ తరబడి మసకగా చూస్తూ, తలనొప్పి తెచ్చుకుని, నా కళ్ళే బాగాలేవనుకునేవాళ్ళని చూశాను. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేసుకోవాలి. ఇంకొకటి, పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్స్ వెతుక్కోవద్దు. చూపు పిట్ట మీదే ఉంచి, చేతులతో వాటిని కళ్ళ దాకా తెచ్చుకోవాలి. ఇంటి కిటికీలోంచి ఒక వారం సాధన చేస్తే చేతికి వచ్చేస్తుంది.

స్పాటింగ్ స్కోప్ అనే చిన్న టెలిస్కోప్, దానికి ట్రైపాడ్ ఉంటే చిత్తడి రోజుకి అవి బంగారం, దీవి రోజుకి భారం. మిగతావి మామూలే: గాలి దూరని జాకెట్, టోపీ, నీళ్ళు, తినడానికి ఏదైనా, తడిసినా చిరగని చిన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వానలో మొరాయిస్తుంది. బట్టలు ఆకుల్లో కలిసిపోయే రంగుల్లో ఉంటే మంచిదే గానీ, రంగు కంటే కదలిక, చప్పుడు ముఖ్యం. నడిస్తే గరగరలాడే జాకెట్ మాత్రం వద్దు.

పడవలో నిద్రపోవద్దు

పడవ ప్రయాణం కూడా పిట్టల్ని చూసే సమయమే. టెర్న్‌లు, గల్స్, కొన్ని చోట్ల షియర్‌వాటర్లు లాంటి సముద్రపు పిట్టలు ఒడ్డు నుంచి ఎప్పటికీ కనిపించనంత దగ్గరగా ఇక్కడే కనిపిస్తాయి. ఎండకి వీపు పెట్టే వైపు, వీలైతే పడవ మధ్యభాగంలో నిలబడండి, అక్కడ ఊపు తక్కువ. ముందు కంటితోనే నీటి మీద చూపు తిప్పుతూ ఉండండి, ఏదైనా కదిలితే అప్పుడు బైనాక్యులర్స్ ఎత్తండి. అదేపనిగా వాటిలోంచే చూస్తే కడుపులో తిప్పుతుంది. తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితముండదు. ఒకేచోట గల్స్ గుంపుగా మునుగుతూ లేస్తూ ఉంటే కింద చేపల మంద ఉన్నట్టు, ఆ గుంపులో వేరే రకాలు కలిసి ఉంటాయి, వదలకుండా చూడండి. కటకాల మీద ఉప్పు నీరు పడితే పొడిగుడ్డతో తుడవొద్దు, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. కాస్త మంచినీళ్ళతో కడిగాకే తుడవాలి.

దీవిలో

దిగగానే అందరూ దీవి చివరి దాకా నడవడం మొదలుపెడతారు. మీరు అలా చేయొద్దు. రేవు దగ్గరి మొదటి పొదతోనే మొదలుపెట్టండి. సముద్రం దాటి వచ్చిన పిట్టకి ఆకు, పురుగు, నీళ్ళు కావాలి, గాలి తగలని చోటు కావాలి. ఈ నాలుగూ కలిసే చోట్లు చిన్న దీవిలో అయిదారుకు మించి ఉండవు: ఒక ఇంటి వెనక తోట, పాడుబడ్డ గోడ చాటు, కొండ మడతలో చిన్న వాగు, పూలు పట్టిన చెట్టు, ఎక్కడో కారుతున్న పైపు కింద తడి నేల. వీటిని ముందే మ్యాప్ మీద గుర్తుపెట్టుకుని ఒక్కొక్కదాని దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు గడపండి. గాలి ఎటు నుంచి కొడుతుందో దానికి అవతలి వైపు, ఎండ పడే అంచున చూడండి. పొద్దున చలికి పురుగులు కదిలేది అక్కడే, పిట్టలూ అక్కడికే వస్తాయి. సముద్రపు ఒడ్డున కొట్టుకొచ్చిన నాచు కుప్పల్ని చాలామంది వాసనకి దూరంగా దాటేస్తారు. ఆ కుప్పల మీద ముసిరే ఈగల కోసం జిట్టంగి పిట్టలు, పిపిట్‌లు, ఒక్కోసారి అడవిలో ఉండాల్సిన వార్బ్లర్లు కూడా దిగుతాయి. చెట్టు లేని దీవిలో అదే వాటికి భోజనం.

పొద దగ్గర ఎలా చూడాలి అంటే, చూపుని ఒక పిట్ట కోసం తిప్పకండి, కదలిక కోసం వదిలేయండి. గాలికి ఆకులన్నీ ఒకేలా ఊగుతాయి, పిట్ట వాలిన కొమ్మ ఒక్కటి వేరుగా ఊగుతుంది. ఊరికే కూర్చున్న మొదటి అయిదు నిమిషాలు ఏమీ ఉన్నట్టుండదు, తర్వాత ఒకటి బయటికి వస్తుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నట్టు ఇంకొకటి. నా మంచి జ్ఞాపకాలన్నీ నడిచినప్పటివి కావు, ఒక రాయి మీద కూర్చున్నప్పటివే. పిట్ట కనిపించగానే యాప్ తెరవకుండా ముందు నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి: పిచ్చుక కంటే పెద్దదా చిన్నదా, ముక్కు సన్నమా లావా, కంటి మీద గీత ఉందా, రెక్క మీద పట్టీలున్నాయా, తోక ఆడిస్తోందా. యాప్‌లో బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలా మారిపోతుంది, చూడని పట్టీలు కూడా చూసినట్టే అనిపిస్తుంది.

వసంతంలో ఇంకో వరం ఉంది, మగవి మంచి రంగుల్లో ఉంటాయి, పాడతాయి కూడా. చాలా జాతుల్లో మగవి ముందు చేరతాయి, ఆడవి కొన్ని రోజులు ఆగి వస్తాయి. అందుకే ఒక వారాంతంలో మెరిసే ఫ్లైక్యాచర్లు కనబడి, తర్వాతి వారంలో మట్టి రంగువి ఎక్కువ కనబడితే ఆశ్చర్యపోకండి.

ఇక్కడొక విషయం గట్టిగా చెప్పాలి. తెల్లవారుజామున దీవిలో మీ కాళ్ళ దగ్గర మేస్తున్న పిట్ట మనిషికి మచ్చికైంది కాదు, అలసిపోయింది. రాత్రంతా ఎగిరి కొవ్వంతా కరిగించుకుని, ఈ పగటి తిండితో మళ్ళీ నింపుకుంటేనే రాత్రికి బయల్దేరగలదు. మనం ఒక్కసారి లేపితే అది ఎగిరి ఇంకో పొదకి పోతుంది, అంతే కదా అనిపిస్తుంది, కానీ మన తర్వాత వచ్చినవాళ్ళు లేపుతారు, వాళ్ళ తర్వాత ఇంకొకరు. ఒకసారి ఒక గుంపు అరుదైన వార్బ్లర్ ఒకదాన్ని ఫోటో కోసం గంటన్నర పాటు పొద నుంచి పొదకి తరమడం చూశాను. చివరికది నేల మీద రెక్కలు కాస్త విప్పుకుని, నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది. ఆ రోజు నేను గట్టిగా వారించాల్సింది, మెల్లగా చెప్పి ఊరుకున్నాను, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి పద్ధతి ఇది: పిట్ట మేత ఆపి మీ వైపు చూస్తే ఆగిపోండి, అది మళ్ళీ మేయడం మొదలుపెట్టేదాకా కదలొద్దు. దాన్ని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత వినిపించొద్దు. పొదలోకి రాళ్ళు వేయడం, కొమ్మలు ఊపడం, డ్రోన్ ఎగరేయడం మాట అసలే వద్దు.

టెర్న్‌లు, గల్స్ గూళ్ళు పెట్టే చోట ఇంకా జాగ్రత్త. వాటి గూడంటే ఇసుకలో చిన్న గుంట, గుడ్లు గులకరాళ్ళలా ఉంటాయి, కాలి కిందకి వచ్చేదాకా కనపడవు. తల్లి లేచిపోతే ఎండకి గుడ్డు నిమిషాల్లో వేడెక్కిపోతుంది, కాకులో గల్‌లో ఎత్తుకుపోతాయి. పిట్టలు మీ తల మీద గిరగిరా తిరుగుతూ అరుస్తున్నాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకి వెళ్ళిపోయారు, వచ్చిన దారినే అడుగు చూసుకుంటూ వెనక్కి రండి. చనిపోయిన పిట్టలు కనబడితే ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ భయం ఉంది. ఫోటో తీసి, చోటు రాసుకుని, అక్కడి అటవీ లేదా పశువైద్య సిబ్బందికి చెప్పండి.

చిత్తడిలో

దీవి తర్వాత నగరంలోని చిత్తడి అంటే కొందరికి చప్పగా తోస్తుంది, చుట్టూ ఫ్లాట్లు, హారన్లు, గట్టు మీద జాగింగ్ చేసేవాళ్ళు. నాకైతే ఆదివారమే ఎక్కువ ఇష్టం. ఇక్కడి పిట్టలు మనుషులకి అలవాటుపడి ఉంటాయి కాబట్టి దగ్గరగా, తీరిగ్గా, వాటి పని అవి చేసుకుంటుండగా చూడొచ్చు. నగరాలు పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న తడి నేల పూడిపోయి, మిగిలిన ఆ ఒక్క ముక్కలోకే అన్నీ చేరతాయి. ఒకచోట పాడైనా ఇంకోచోట బాగుచేసిన ఉదాహరణలూ ఉన్నాయి: లండన్‌లో బార్న్స్ దగ్గర వాడకం ఆగిపోయిన నాలుగు పాత రిజర్వాయర్లని తిరిగి చిత్తడిగా మలిచి 2000లో జనానికి తెరిచారు. 1971లో ఇరాన్‌లోని రామ్సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరినప్పుడు దాని పేరులోనే నీటి పక్షుల ప్రస్తావన ఉంది, అంటే ఈ నేలల్ని కాపాడాలనే ఆలోచన ముందుకి రావడంలో పిట్టలకి అంత పాత్ర ఉంది.

మీ చిత్తడి సముద్రానికి దగ్గరై, అందులోకి పోటు నీరు వచ్చేదైతే, శుక్రవారమే పోటు పట్టిక చూసుకోండి. ఆటు సమయంలో బురద మేటలు మైళ్ళ దూరం బయటపడతాయి, బురదలో మేసే ఉల్లంకి పిట్టలన్నీ ఎక్కడో నీటి అంచున చుక్కల్లా ఉంటాయి, ఎంత మంచి స్కోప్ ఉన్నా లాభం లేదు. నీరు ఎక్కుతున్నకొద్దీ బురద తగ్గి, అవే పిట్టలు ఒడ్డు వైపు జరుగుతూ వచ్చి మీ ముందే మేస్తాయి. పూర్తి పోటుకి రెండు మూడు గంటల ముందే వెళ్ళి కూర్చోవాలి. పోటు నిండాక వెళ్తే పిట్టలు ఇంకెక్కడో గట్టు మీద ఒంటికాలి మీద నిద్రపోతుంటాయి. చాలా తీరాల్లో ఒక పోటుకి తర్వాతి పోటుకి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, అంటే రేపటి పోటు ఇవాళ్టికన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. పౌర్ణమి, అమావాస్యలప్పుడు పోటు మరీ పెద్దది, బురద మొత్తం మునిగిపోయి పిట్టలు తొందరగా లేచిపోతాయి. అలాంటప్పుడు ఇంకో గంట ముందే చేరాలి. ఆదివారం పోటు పొద్దున కాకుండా మధ్యాహ్నం వస్తుంటే బాధపడొద్దు, పొద్దున రెల్లు, జమ్ము ఉన్న వైపు గడిపి, మధ్యాహ్నం బురద వైపు రండి.

పోటు లేని చెరువైతే వెలుతురే మీ పట్టిక. పొద్దున తూర్పు గట్టు మీద నిలబడితే ఎండ మీ వీపు మీద పడుతుంది, పిట్టల రంగులు సరిగా కనబడతాయి. ఎదురెండలో అన్నీ నల్ల బాతులే. పది గంటలు దాటాక నేల వేడెక్కి గాలి అలలా కదులుతుంది, స్కోప్‌లో అంతా నీళ్ళలో చూసినట్టు ఉంటుంది, దూరపు పిట్టల్ని అప్పటికే చూసేసి ఉండాలి. నీరు తగ్గి బురద బయటపడ్డ అంచు, తేలే ఆకులు, రెల్లు పాయల మధ్య సందులు, నీటిలో పాతిన కర్రలు, కరెంటు తీగలు, ఇవి వరుసగా ఒక్కొక్కటీ చూడండి. వాన పడేలా ఉంటే ఇంటికి పరిగెత్తొద్దు, పురుగులు నీటి మీదకి దిగుతాయి, వాటి వెంట స్వాలోలు, స్విఫ్ట్‌లు మీ మోకాలి ఎత్తులో ఎగురుతాయి.

కొత్తవాళ్ళకి కొరకరాని కొయ్య ఉల్లంకి జాతివే, చలికాలంలో అన్నీ బూడిద రంగులో ఒకేలా ఉంటాయి. కానీ వసంతంలో అవి రంగు మారుస్తాయి, కాబట్టి నేర్చుకోవాలంటే ఇదే సమయం. కడుపు మీద నల్ల మచ్చ ఉంటే డన్లిన్, మెడ నుంచి కడుపు దాకా ఇటుక ఎరుపుగా ఉండి ముక్కు కాస్త కిందికి వంగితే కర్ల్యూ శాండ్‌పైపర్, ముఖం నుంచి కడుపు దాకా నల్లగా ఉండి ముక్కు పొట్టిగా ఉంటే గోల్డెన్ ప్లోవరో దాని చుట్టం గ్రే ప్లోవరో. ఇంకా రంగు పూర్తిగా రానివి మచ్చలు మచ్చలుగా ఉంటాయి, వాటి మీద గంట పోగొట్టుకోకుండా బాగా తెలిసే వాటిని ముందు గట్టిగా నేర్చుకోండి. మామూలుగా పశువుల వెంట తిరిగే తెల్ల కొంగని కూడా ఓసారి ఆగి చూడండి, ఈ కాలంలో దాని తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి. బార్ టెయిల్డ్ గాడ్‌విట్ కనబడితే మాత్రం స్కోప్ పక్కవాళ్ళకీ ఇవ్వండి. 2022లో ఆ జాతికే చెందిన, పుట్టి అయిదు నెలలే అయిన ఒక పిట్ట అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఆగకుండా ఎగిరింది, దాని వీపు మీది ట్రాన్స్‌మిటర్ వల్ల ఆ సంగతి తెలిసింది.

కాళ్ళు కూడా చూడండి. 1899లో డెన్మార్క్‌లో హన్స్ క్రిస్టియన్ మార్టెన్సెన్ గోరింక జాతి పిట్టలకి అంకెలు వేసిన అల్యూమినియం రింగులు తొడగడంతో మొదలైన పద్ధతి ఇప్పుడు రంగు రంగుల ప్లాస్టిక్ జెండాల దాకా వచ్చింది. కాలి మీద జెండా ఉంటే దాని రంగు, ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, అక్షరాలు ఏమిటి అని రాసుకోండి, ఫోన్‌ని స్కోప్‌కి ఆనించి ఒక ఫోటో తీయండి. ఆ రంగుల కలయికను బట్టి అది ఎక్కడ తొడిగారో తెలుస్తుంది. వివరాలు ఆ ప్రాంతపు రింగింగ్ వాళ్ళకి పంపితే, ఆ పిట్ట ఇంతకుముందు ఎక్కడెక్కడ కనబడిందో మీకు జవాబు వస్తుంది. నాకొచ్చిన మొదటి జవాబుని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను.

గుంపుని లెక్కపెట్టడానికి పదిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ పది ఎంత చోటు తీసుకున్నాయో కంటితో కొలుచుకోండి, అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని పడతాయో చూడండి. 'చాలా' అని రాసేకంటే 140 అని రాయడం మేలు, తప్పు పది ఇరవై అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు. కూతల కోసం మెర్లిన్ యాప్ వాడొచ్చు, 2021 నుంచి అది గొంతు విని పేరు చెప్తోంది, రెల్లులో దాక్కునే పిట్టలకి బాగా సాయపడుతుంది. కానీ నగరంలో బ్రేకుల చప్పుడు, ఇతరుల గొంతు అనుకరించే పిట్టలు దాన్ని మోసం చేస్తాయి. అది చెప్పిన పేరుని అనుమానంగా తీసుకుని, కంటితో చూశాకే లిస్టులో రాయండి.

ఇంత చెప్పాక కూడా నాకు అన్నిటికన్నా ఇష్టమైన సలహా వేరే ఉంది, ఒక్క జంటని ఎంచుకుని గంట సేపు చూడటం. 1912 వసంతంలో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ రెండు వారాల సెలవులో అక్కడి ట్రింగ్ రిజర్వాయర్ల ఒడ్డున గ్రీబ్ అనే నీటి పిట్టల జంటల్ని చూస్తూ కూర్చున్నాడు. అవి ఎదురెదురుగా తల ఊపడం, నీటి అడుగు నుంచి నాచు తెచ్చి రొమ్ములు ఆనించుకుని నిలువుగా లేవడం, అంతా రాసుకున్నాడు. 1914లో అచ్చయిన ఆ వ్యాసాన్ని జంతువుల ప్రవర్తన చదివేవాళ్ళు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. మీ చెరువులో గ్రీబ్‌లు లేకపోతే నామాల కోళ్ళు ఉంటాయి, అవి పోట్లాడుకోవడం, గూటికి పుల్ల మోసుకుపోవడం, మగది తెచ్చిన పుల్లని ఆడది తీసుకుని మళ్ళీ సర్దడం చూస్తుంటే గంట తెలియకుండా గడుస్తుంది.

సాయంత్రం వెంటనే వెళ్ళిపోకుండా రెల్లు వైపు ఉండండి. పొద్దు వాలాక స్వాలోలు పది, ఇరవై చొప్పున చేరి, రెల్లు మీద సుళ్ళు తిరిగి, చీకటి పడే ముందు ఒక్కసారిగా లోపలికి జారిపోతాయి. వాటి వెనకే ఒక్కోసారి డేగ వస్తుంది, అందుకని గుంపు పైన ఆకాశం మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. అవి సద్దుమణిగాక గట్టు మీదే ఇంకో పావుగంట కూర్చుంటే, ఎక్కడో పైన చీకట్లో సన్నగా ఒక కూత, కాసేపటికి ఇంకొకటి, ఉత్తరానికి పోతున్నట్టు వినిపిస్తుంది. అవి నిన్న దీవిలో మేసి, ఇవాళ మళ్ళీ బయల్దేరినవీ కావచ్చు. వాటినీ లిస్టులో రాసి, అదే రాత్రి నిద్రపోకముందే ఈబర్డ్‌లో ఎక్కించేయండి, సోమవారానికి వాయిదా వేస్తే లెక్కలు సగం మర్చిపోతారు.